లీలావీథి: ఒక పీఠిక

క్రీ.శ. 713లో, చైనా చాంద్రమానపు ప్రథమమాసంలోని పూర్ణిమ నాటి రాత్రి, తాంగ్ వంశీయుల రాజధానియైన చాంగాన్ మహానగరంలో, ఆన్ఫు ద్వారానికి వెలుపల, ఇరవై జాంగుల, అనగా సుమారు రెండువందల అడుగుల ఎత్తుగల దీపచక్రాన్ని నిలబెట్టి, దానికి పట్టువస్త్రాలు చుట్టి, స్వర్ణమణులతో అలంకరించి, యాభైవేల దీపాలు వెలిగించారని ఆ యుగపు రచన ఒకటి చెబుతున్నది. దాని నీడన అంతఃపుర స్త్రీలూ పౌరకాంతలూ కలిసి మూడహోరాత్రాలు పాడుతూ ఆడారట. తక్కిన సంవత్సరమంతా సంధ్యాభేరి మ్రోగగానే వాడవాడకూ తలుపులు మూసి, ఆ తరువాత రాజమార్గంలో కనిపించినవారిని దండించే ఆ నగరం, ఈ పండుగ పేరిట మూడు రాత్రులు మాత్రం ఆంక్షను సడలించి, వీథిని ప్రజలకు విడిచిపెట్టేది. సార్వజనిక కళ అనేది నిన్నమొన్నటి నగరపాలక సంఘాల కల్పన అని భావించేవారికి ఈ ఒక్క వృత్తాంతం చాలినంత సమాధానం.

చైనా జానపద సంస్కృతినుంచి ప్రాణం పోసుకుని, నేడు దేశదేశాల కూడళ్లలో, ఉద్యానాలలో, రాజవీథులలో వెలుస్తున్న క్రీడామయమైన కళానిర్మాణాలను గురించి తెలుగులో వెలువడుతున్న ఈ గ్రంథం ఆ దీపచక్రం దగ్గరే తన ప్రస్థానాన్ని ఆరంభించడం సముచితంగా ఉంది. దేవాలయ శిల్పాన్ని గురించీ, ఆస్థాన చిత్రకళను గురించీ మన భాషలో ప్రామాణిక రచనలకు లోటు లేదు. శాశ్వతత్వాన్ని కోరి రాతిలో మలచినవాటిని పరామర్శించడం మన పండితులకు తరతరాలుగా అలవాటైన పని. కొద్ది రాత్రులు వెలిగి, పండుగ ముగియగానే విప్పి మూటగట్టే వెదురుబద్దల డ్రాగన్ విషయంలో, పట్టుగుడ్డ చేప విషయంలో అంతటి శ్రద్ధ చూపినవారు అరుదు. పిల్లల ఆటవస్తువులని, తిరునాళ్ల వేడుకలని వాటిని పక్కకు పెట్టడం చిరకాలంగా సాగుతూ వచ్చింది. ఈ గ్రంథకర్త్రి ఆ ఉపేక్షతో వాదానికి దిగలేదు. మన ఆలంకారికులు ఒక కావ్యానికి అంగిరసమేదో నిర్ణయించే పద్ధతిలో, ఈ సంప్రదాయానికి అంగి క్రీడేనని, భక్తి, శోభ, మంగళం, వాణిజ్యం అనేవన్నీ దాన్ని ఆశ్రయించి నిలిచిన అంగాలని, ఉదాహరణ పక్కన ఉదాహరణ పేర్చి, పాఠకుడు తనంత తానే ఒప్పుకొనేటట్టు చేసింది.

తాంగ్ యుగంలో కనిపించిన ఈ వైభవం సోంగ్ యుగంలో బహుముఖంగా విస్తరించింది. ఉత్తర సోంగ్ రాజధాని కైఫెంగ్ 1127లో జుర్చెన్‌ల వశమైన పిమ్మట దక్షిణానికి తరలిపోయిన మెంగ్ యువాన్‌లావ్, చేజారిన నగరాన్ని తలచుకుంటూ రచించి, 1147లో పీఠిక చేర్చిన స్మృతిగ్రంథంలో, రాజభవనానికి ఎదురుగా కట్టిన దీపపర్వతాన్ని సవిస్తరంగా వర్ణించాడు. సింహవాహనుడైన మంజుశ్రీ, గజవాహనుడైన సమంతభద్రుడు ఆ పర్వతం మీద కొలువుతీరి ఉండగా, వారి చేతివేళ్లనుంచి నీటిధారలు జాలువారేవి. గిలకలతో నీటిని కొండకొమ్ముకు చేర్చి, కొయ్యతొట్టిలో నిలవచేసి, వేళకు వదిలితే అది జలపాతమై దూకేది. గడ్డిమోపులతో డ్రాగన్ల దేహాలు కట్టి, నీలిగుడ్డ కప్పి, వాటిలో వేలకొలది దీపాలు పొదిగితే, చూసేవారికి అవి జంటగా ఎగురుతున్నట్టు తోచేవి. భరతభూమి నుంచి ధర్మంతోపాటు వెళ్లిన బోధిసత్త్వులు అక్కడ వేళ్లతో నీళ్లు చిమ్మే బొమ్మలై ప్రజల ముఖాన నవ్వు పూయించారు. దానివల్ల వారి పూజ్యతకు లోపం కలిగిందని నాటి జనం తలచినట్టు లేదు. భక్తి ఒక ఇంట, వినోదం మరొక ఇంట కాపురముండాలనే నియమం ఆ వీథిలో ఎన్నడూ చెల్లలేదు.

ఆ యుగంలో జనప్రియమైన రెండు చిన్న వస్తువులకు ఈ గ్రంథంలో ఒక నిండు అధ్యాయం దక్కింది; నా దృష్టిలో గ్రంథమంతటికీ జీవస్థానం అదే. మొదటిది, పరుగెత్తే గుర్రాల దీపం. కాగితపు గోడల నడుమ ఒక నిలువు ఇరుసు, దాని పైకొసన రెక్కల చక్రం, ఇరుసుకు కట్టిన తీగల చివర కాగితంతో కత్తిరించిన గుర్రాలూ రౌతులూ ఉంటాయి. అడుగున కొవ్వొత్తి వెలిగించగానే వేడెక్కిన గాలి పైకి లేచి రెక్కలను తిప్పుతుంది, ఇరుసుతోపాటు గుర్రాలు తిరుగుతాయి, వాటి నీడలు గోడమీద ఒకదాన్నొకటి తరుముతూనే ఉంటాయి. రెండవది, పొడుపుకథ దీపం. దక్షిణ సోంగ్ రాజధాని వీథులలో పట్టుదీపాల మీద గూఢోక్తులూ, పాత రాజధాని నాటి హాస్యోక్తులూ రాసి వేలాడదీసి, వచ్చేపోయేవారిని ఆటపట్టించేవారని నాటి రచన సాక్ష్యమిస్తున్నది. పొడుపు విప్పినవాడికి ఒక చిన్న కానుక ఇచ్చే ఆచారం ఆ పండుగలో నేటికీ నడుస్తున్నది. ఒకదానిలో యంత్రం ఆడుతుంది, మరొకదానిలో బాటసారి బుద్ధి ఆడుతుంది. ఆ బాటసారి నిలిచి తల గోక్కునేదాకా ఆ దీపం సగం వెలిగినట్టే. చూపరిని కర్తగా మార్చే ఈ ధర్మాన్ని గ్రంథకర్త్రి ఇక్కడ స్థాపించి, తరువాతి అధ్యాయాలలో ఎదురయ్యే ఆధునిక కృతులన్నిటినీ ఈ గీటురాతి మీదనే పరీక్షిస్తుంది.

సిచువాన్ రాష్ట్రంలోని జిగోంగ్ పట్టణాన్ని గురించిన భాగం శ్రమ అనే విషయాన్ని మన ముందుకు తెస్తుంది. జిగోంగ్ ఉప్పు మీద బ్రతికిన ఊరు. భూగర్భంలోని ఉప్పునీటి కోసం వెదురుబద్దల సాయంతో బావులు తొలిచి, 1835లో షెన్‌హాయ్ అనే బావిని వెయ్యి మీటర్ల లోతు దాటించి, ఆ బావులనుంచే వెలువడిన సహజవాయువును మండించి ఉప్పునీటిని కాచి, తరతరాలు వర్తకం సాగించిన ఊరది. అగ్నిని పైపులలో నడిపించడం తెలిసిన ఆ పట్టణం దీపకళకు నెలవు కావడంలో ఆశ్చర్యమేముంది? నేటి రూపంలోని దీపోత్సవం అక్కడ 1964లో ఆరంభమైంది. 2008లో ఆ కళకు చైనా జాతీయ అమూర్త వారసత్వ పట్టికలో స్థానం లభించింది. ఉక్కుతీగల చట్రం మీద పట్టుగుడ్డ అతికించి రంగులద్దడం అక్కడి రాజమార్గమే అయినా, పింగాణీ పళ్లేలు, గిన్నెలు, చెంచాలు వేలకువేలు దారంతో కట్టి పొలుసులుగా పేర్చిన డ్రాగన్‌ను, రంగునీళ్లు నింపిన చిన్న మందుసీసాలతో పురివిప్పిన నెమలిని, పట్టుకాయలతో అల్లిన పక్షులను చేయడంలోనే జిగోంగ్ పనివారి చమత్కారం ప్రకటమవుతుంది. ఇంట్లో అన్నం తిన్న పళ్లెం డ్రాగన్ వీపున మెరవడం కంటే పెద్ద పరిహాసమూ, పెద్ద సత్కారమూ ఆ పళ్లేనికి మరొకటి ఉండదు.

ఆ పనిలోని విభాగాలను గ్రంథకర్త్రి ఓపికగా నమోదు చేసింది. చిత్రకారుడు కాగితం మీద గీసిన రూపాన్ని ఆరుబయట నేలమీద నిజప్రమాణంలో గీసేవారు ఒకరు. ఆ గీతను అనుసరించి తీగ వంచి అతికేవారు ఒకరు. లోపల విద్యుద్దీపాలు అమర్చేవారు మరొకరు. గుడ్డను ముడత పడకుండా అంగుళమంగుళం సాగదీసి అతికించే పని ఎక్కువగా స్త్రీలది. చివరికి వర్ణచ్ఛాయలు దిద్దేవారు వస్తారు. ఈ బృందాలు ఏటా ఎన్నో దేశాలకు ప్రయాణమై, అక్కడి ఉద్యానాలలో నెలల తరబడి మకాం వేసి, డ్రాగన్లను కట్టి వెలిగించి వస్తుంటాయి. ఇంగ్లండులోని లాంగ్‌లీట్ ప్రాంగణంలో శీతకాలపు దీపోత్సవాలు 2014 మొదలుకొని ఇటువంటి చైనా పనివారి హస్తకౌశలం మీదనే నడిచాయి. ప్రకటనపత్రాలలో వారి పేర్లు ఎక్కడా కనిపించవు.

ఉత్తరాన హార్బిన్ నగరపు మంచుదీపాలకు ఇచ్చిన స్థలం స్వల్పమే అయినా, చెప్పవలసింది చెప్పబడింది. బాల్చీలో నీరు పోసి చలిలో ఉంచితే అంచులు ముందుగా గడ్డకడతాయి. నడుమ మిగిలిన నీటిని పారబోసి, ఆ బోలులో కొవ్వొత్తి పెడితే గాలికి ఆరని దీపం సిద్ధమవుతుంది. బెస్తలూ రైతులూ రాత్రివేళ దారిచూపు కోసం చేసుకున్న ఈ ఉపాయం, 1963లో ఆ నగరపు జావ్‌లిన్ ఉద్యానంలో ప్రదర్శనగా మారి, సోంగ్హువా నదినుంచి కోసి తెచ్చిన మంచుదిమ్మెలతో కోటలు కట్టి, పిల్లలు జారుడుబల్లలుగా వాడుకునే మహోత్సవానికి దారితీసింది. వసంతం రాగానే అదంతా నీరై పోతుందని తెలిసే వారు కడతారు.

ఇక ఆధునికుల వంతు. చువాన్‌జౌ నగరంలో 1957లో జన్మించి, తుపాకిమందుతో ఆకాశాన్నే చిత్రఫలకంగా వాడుకుని జగత్ప్రసిద్ధుడైన త్సాయ్ గువో-చియాంగ్, తాను బాల్యంలో చేతబట్టుకు తిరిగిన దీపాలకు ప్రణామంగా 2017లో ఫిలడెల్ఫియా నగరంలో ఒక లీలను నడిపించాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పార్క్‌వే అనే రాజవీథికి నూరేండ్లు నిండిన సందర్భమది. ఇరవైయేడు రిక్షాలకు, చువాన్‌జౌలో చేతితో చేయించిన దాదాపు తొమ్మిదివందల పట్టుదీపాలను గుత్తులుగా కట్టి, సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు మొదటి వారం దాటేదాకా, చీకటిపడ్డాక పౌరులను ఉచితంగా ఎక్కించుకుని ఆ వీథిలో తిప్పారు. మిణుగురులని ఆ కృతికి పేరు పెట్టారు. దీపాలలో నక్షత్రాలు, జంతువులు, రాకెట్లు, ఎగిరే పళ్లేలు అన్నీ ఉన్నాయి. ప్రేక్షకుడు ఆ కృతి ఎదుట నిలబడడు, దానిలో కూర్చుంటాడు. రిక్షా తొక్కే మనిషి చెమట ఆ వెలుగును నడిపిస్తుంది. ఆ చువాన్‌జౌ మనకు పూర్తిగా పరాయిది కాదు. మధ్యయుగాలలో దక్షిణ భారత వణిజులు ఆ రేవులో స్థిరపడి శివాలయం నిర్మించుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం అక్కడ దొరికింది. కైయువాన్ బౌద్ధవిహారపు స్తంభాలమీద మన నరసింహస్వామి ఈనాటికీ దర్శనమిస్తాడు. అన్ని తీరాల దేవతలను, సరుకులను ఇముడ్చుకున్న రేవుపట్టణపు బిడ్డడు దూరదేశపు వీథిని తన ఊరి పండుగగా మార్చగలిగాడంటే, ఆ ఔదార్యం పుట్టిననేల ఇచ్చిందే.

చైనా కళాకారుడు అయ్ వేవే కథ మరొక తీరుగా నడుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఆల్కట్రాజ్ ద్వీపం ఒకప్పుడు కారాగారం. 2014లో ఆ భవనంలో ఆయన ఒక పొడవాటి గాలిపటపు డ్రాగన్‌ను వేలాడదీయించాడు. పాస్‌పోర్టు ప్రభుత్వం చేతిలో ఉండిపోగా తాను స్వదేశపు ఎల్లలు దాటలేని రోజులవి; ఆయన రాలేకపోయిన చోటికి ఆయన గాలిపటం వచ్చింది, వచ్చి చెరసాలలోనే ఎగిరింది. రెండేండ్ల తరువాత, 2016లో, పారిస్ నగరపు బాన్ మార్షే విక్రయశాలలో, ‘పర్వతసాగర గ్రంథం’ అని పేరొందిన ప్రాచీన చైనా పురాణసంకలనంలోని వింతజీవులను వెదురుతోనూ పట్టుతోనూ నిర్మింపజేసి, పిల్లల ఆట అని అర్థం వచ్చే పేరుతో ప్రదర్శించాడు. వాటిని కట్టినవారు షాన్‌డోంగ్ రాష్ట్రపు వేఫాంగ్ గాలిపటాల పనివారు. 1984నుంచి అంతర్జాతీయ గాలిపటాల ఉత్సవం జరుగుతున్న ఊరు అది. వెదురును సన్నని బద్దగా చీల్చి, సెగకు వంచి, ముడివేసి, గాలిలో నిలిచేంత తేలికగా దేహాన్ని కట్టే విద్య ఎన్ని తరాల అభ్యాసమో, ఆ అధ్యాయంలోని రేఖాచిత్రాలు చూస్తేగాని బోధపడదు.

తైవాన్ శిల్పి హుంగ్ యి ఉక్కురేకును కత్తిరించి, వంచి, జానపదాలంకారాల పూలూ మంగళచిహ్నాలూ ఒళ్లంతా నింపి, మిలమిలలాడే రంగుపూతతో తయారుచేసిన జంతువుల జాతర, 2015లో న్యూయార్క్ వస్త్రవ్యాపార వీథిలోనూ, మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరసభా ప్రాంగణంలోనూ విడిదిచేసింది. ఉద్యోగానికి పరుగెత్తే పెద్దలు ఆ జంతువుల పక్కన ఆగి ఫొటోలు దిగిన వైనాన్ని గ్రంథకర్త్రి ముచ్చటగా చెప్పింది. వాటి సౌందర్యం మీద అతిగా ఊదరగొట్టకుండా విడిచిపెట్టడం ఆమె వివేకానికి నిదర్శనం.

చైనా కళాకారుడు షు బింగ్ చేసిన ఫీనిక్స్ పక్షులు ఈ గ్రంథంలో క్రీడకు గాంభీర్యపు అంచు దిద్దుతాయి. బీజింగ్‌లో వెలుస్తున్న ఒక వాణిజ్య సౌధానికి శిల్పం చేయమని పిలుపు రాగా, ఆ నిర్మాణస్థలంలో పల్లెలనుంచి వలసవచ్చిన కూలీలు గడుపుతున్న బ్రతుకు చూసి ఆయన చలించి, అక్కడి తుక్కుతోనే, అంటే ఉక్కుదూలాలు, పారలు, పట్టకార్లు, కూలీల రక్షణ టోపీలు మొదలైనవాటితోనే, 2008 - 2010 నడుమ ఒక పక్షిమిథునాన్ని కట్టించాడు. ఒకటి తొంభై అడుగులు, మరొకటి నూరడుగులు. రెండింటి బరువు పన్నెండు టన్నులు. శిల్పం చేయమన్నవారు కోరిన మెరుపు వాటిలో లేకపోయింది. అవి సౌధంలోకి చేరనేలేదు. అయినా 2010లో బీజింగ్‌లో ఆరుబయట వేలాడి, 2014లో న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ మహాదేవాలయపు కప్పుకింద రెక్కలు చాచాయి. పగలు చూస్తే గాయపడిన లోహదేహాలు. రాత్రి చిన్నదీపాలు వెలిగితే పండుగనాటి పక్షులు. చేతికి దొరికిన చవక వస్తువుతో మంగళరూపాన్ని కట్టుకోవడం జానపదుని సహజవిద్య. షు బింగ్ ఆ విద్యను నిర్మాణకూలీ పనిముట్లకు వర్తింపజేశాడు.

కాగితపు కత్తిరింపుల అధ్యాయం చదివినప్పుడు ఈ సంప్రదాయానికి మాతృస్థానం ఎక్కడో తెలుస్తుంది. షాన్‌షీ పీఠభూమి పల్లెలలో కిటికీలకూ గోడలకూ ఎర్రకాగితపు పూలు అతికించే స్త్రీలలో ఒకరైన కూ షూలాన్ (1920 - 2004), పాడుతూ కత్తిరించి, రంగురంగుల కాగితాలను పొరలుపొరలుగా అంటించి, తన ఇంటిగోడల నిండా ఒక దేవతాలోకాన్నే సృష్టించుకున్నది. 1996లో యునెస్కో ఆమెను జానపద కళాచార్యగా గౌరవించింది. అటువంటి స్త్రీల వద్దకు వెళ్లి, యెనాన్ ప్రాంతంలో ఏళ్ల తరబడి మకాం వేసి, చేతులెత్తి నిలిచిన రెండు జడకొప్పుల పాపబొమ్మ పరంపరను పరిశోధించినవాడు జిన్ జిలిన్. ఆ పరంపరనుంచే తన చిన్నచిన్న ఎర్రమనుషులను రూపొందించినవాడు ల్యూ షెంగ్‌జోంగ్ (1952 - 2022). జబ్బుపడిన బిడ్డ ప్రాణాన్ని పిలిచి తేవడానికి పల్లెతల్లి కత్తిరించే కాగితపు బొమ్మను ఆయన వేలసంఖ్యలో కత్తిరించి, గదుల కప్పులూ గోడలూ నేలా నింపాడు. కత్తిరించిన బొమ్మనూ, బొమ్మ పోగా మిగిలిన కాగితాన్నీ సమానంగా నిలిపాడు. పిల్లల ఆటలా కనిపించే ఆ పనిలో ఎంత ఆర్తి దాగివున్నదో గ్రంథకర్త్రి మెల్లగా, గొంతు పెంచకుండా చెప్పింది.

ఆంధ్రపాఠకుడు ఒక్కక్షణం పుస్తకం మూసి ఆలోచించవలసిన ఘట్టం, షు బింగ్ చేసిన వానరమాలను గురించినది. వాషింగ్టన్‌లోని సాక్లర్ చిత్రశాలలో, 2001లో, ఇరవైయొక్క కొయ్య అక్షరాకృతులు, ఒక్కొక్కటి ఏదో ఒక భాషలో వానరమనే పదమై, తోకలూ చేతులూ పట్టుకుని, పైకప్పునుంచి అట్టడుగున ఉన్న నీటిమడుగు దాకా వ్రేలాడాయి. నీళ్లలోని చంద్రబింబాన్ని అందుకోబోయిన కోతుల కథ అది. చైనా పిల్లలందరికీ తెలిసిన కథ. ఆ కథ మూలం మహాసాంఘికమనే బౌద్ధ నికాయపు వినయంలో, అంటే భిక్షునియమావళిలో ఉన్నది. కాశీదేశంలో, మర్రిచెట్టు కింద, బావిలో చంద్రుణ్ణి చూసిన కపియూథపతి, చంద్రుడు చచ్చి బావిలో పడ్డాడని, లోకం చీకటిపాలు కాకుండా అతణ్ణి పైకి తీయాలని తలచి, అయిదువందల కోతులను గొలుసుగా దింపగా, కొమ్మ విరిగి అందరూ నీళ్లలో పడ్డారని ఆ వినయపిటకం చెబుతుంది. పాటలీపుత్రంలో ఆ ప్రతిని సంపాదించిన చైనా భిక్షువు ఫాహియాన్, స్వదేశం చేరాక బుద్ధభద్రునితో కలిసి 416 - 418 నడుమ దాన్ని చైనా భాషలోకి తెచ్చాడు.

మహాసాంఘికులంటే మనవారే కదా! కృష్ణాతీరంలో అమరావతి, నాగార్జునకొండ స్తూపాల చుట్టూ వెలసిల్లిన చైత్యకులు, పూర్వశైలులు, అపరశైలులు ఆ నికాయపు శాఖలే. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని పదునాలుగో పాలనాసంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో వేయించిన శాసనం, ధర్మం వ్యాపించిన దేశాలను వరుసగా పేర్కొంటూ చీనదేశాన్ని కూడా తలచింది. ఏడవ శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ అక్కడ కొన్ని నెలలు నిలిచి, ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక శాస్త్రాలు అభ్యసించాడు. కోతుల కథ నేరుగా ఆంధ్రదేశం నుంచి చైనాకు వెళ్లిందని గ్రంథకర్త్రి అనలేదు, నేనూ అనను. ఆ కథను కాపాడిన నికాయానికి ఒకప్పుడు మన నేల పుట్టిల్లంత ప్రీతిపాత్రమైనదని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు. భిక్షువులకు బుద్ధి గరపడానికి చెప్పిన కథ, పిల్లల కథయై, చివరికి ఒక చిత్రశాల మెట్లపై నడిచేవారి తలలమీదుగా దిగే కోతిమూకయై నిలిచిన ఆ పదహారు శతాబ్దాల యాత్రలో, పోయినది ఉపదేశం, మిగిలినది ఆట. అయినా ఆ ఆటలో ఉపదేశం ఇంకా వినబడుతూనే ఉన్నది.

గ్రంథకర్త్రిని గురించి రెండు మాటలు. ఈమె తోలుబొమ్మలకు రంగులద్దిన ఇంట పుట్టిన పిల్ల. మేకతోలును గీకి, పలుచన చేసి, వెనుక దీపం పెడితే రంగు ఎలా పలుకుతుందో ఈమెకు అక్షరాభ్యాసానికి ముందే తెలుసు. అందుచేతనే, పట్టుగుడ్డ వెనుక వెలిగే దీపాన్ని వర్ణించేటప్పుడు ఈమె వాక్యంలో పుస్తకపు వాసన ఉండదు. ఏ రంగు వెలుతురును మింగుతుందో, ఏ రంగు విడుస్తుందో తెలిసిన చేతి నిబ్బరం ఉంటుంది. చైనా తోలుబొమ్మలాట 2011లో యునెస్కో పట్టికకెక్కిన సంగతిని చెప్పిన చోట, స్వకులవృత్తి మీది అభిమానాన్ని అదుపులో పెట్టుకుని, పోలికలకు పరుగెత్తక, రెండు సంప్రదాయాల్లోనూ కీళ్లు ఎక్కడ అతుకుతారో, చేతికర్ర ఎక్కడ కడతారో సాంకేతికంగా వివరించి ఊరుకున్నది. చైనా భాషను శ్రమించి నేర్చి, గ్రంథాలయాలతో సరిపెట్టుకోక, తీగ వంచేవారి పక్కన కూర్చుని, గుడ్డ అతికే స్త్రీలతో కలిసి అన్నం తిని, వారి మాట వారి నోటనే విని రాసింది. తెలుగు వాక్యం ఎక్కడా బిగుసుకుపోలేదు. పరదేశపు పేర్లను ఉచ్చారణకు దగ్గరగా, చదువరికి బెదురు కలగకుండా రాసే ప్రయత్నం ప్రతి పుటలోనూ కనబడుతుంది.

ఒక్కచోట మాత్రం ఈమెతో నాకు అభిప్రాయభేదం ఉన్నది. ముందుమాట రాసేవాడు దాన్ని దాచడం మర్యాద కాదు. నేటి దీపోత్సవాలు టిక్కెట్టు అమ్మకాలకూ వాణిజ్య ప్రచారానికీ లోబడి స్వచ్ఛతను కోల్పోయాయని ఈమె ఆరోపణ. ఈ కళకు నిర్ధనమైన స్వర్ణయుగం ఎన్నడైనా ఉన్నదా? సూయ్ చక్రవర్తి యాంగ్, 610లో లొయాంగ్ నగరంలో ప్రథమమాస పూర్ణిమకు జరిపించిన మహాప్రదర్శన పరదేశ రాయబారుల కళ్లు చెదరగొట్టడానికి ఉద్దేశించిందే. సోంగ్ రాజుల దీపపర్వతం రాజవైభవ ప్రకటనే. జిగోంగ్‌లో షాన్‌షీ ఉప్పువర్తకులు 1736లో మొదలుపెట్టి కట్టుకున్న సంఘభవనాన్ని చూస్తే, ధనం ఆ ఊరి కళలకు ఎంతగా తోడ్పడిందో తెలుస్తుంది. ఈమె ఎంతో మెచ్చుకున్న అయ్ వేవే వింతజీవులు వేలాడింది బట్టలూ అత్తరులూ అమ్మే విక్రయశాలలోనే కదా. పోషకుడు ఎవరన్న ప్రశ్న అవసరమే. అయితే తీర్పు దానిమీద ఆధారపడదు. తీర్పుకు ఆధారం ఈమె తన గ్రంథంలో అన్యత్ర సూచించినదే: ఆ ఆటలో పనివాడి చేయి మిగిలి ఉన్నదా, లేదా? అచ్చుల్లో పోసి, గాలి ఊది, ఏ నగరంలోనైనా ఒకే తీరుగా నిలబెట్టే ప్లాస్టిక్ బొమ్మలో చూపరి ఆడుకోవచ్చు గానీ, ఎవరూ ఆడి చేయలేదు. చువాన్‌జౌ పట్టుదీపంలో, వేఫాంగ్ వెదురుబద్దలో, జిగోంగ్ పింగాణీ పొలుసులో చేసినవాడి చమత్కారం, చూసినవాడి చమత్కారం కలుసుకుంటాయి. ఆ కలయికనే మన పూర్వులు సహృదయత్వమన్నారు.

ఈ గ్రంథాన్ని చేపట్టే విద్యార్థులు చివరి అధ్యాయాన్ని ముందుగా చదవాలని నా సూచన. తీగ వంచేవారు, గుడ్డ అతికేవారు, వెదురు చీల్చేవారు, కాగితం కత్తిరించేవారు ఏ వయసులో పని నేర్చారో, రోజుకు ఎన్నిగంటలు వంగి కూర్చుంటారో, వారి పిల్లలు ఆ పనిలో ఉన్నారో లేరో గ్రంథకర్త్రి అక్కడ పట్టికగా కూర్చింది. అలంకారాలు లేని ఆ పుటలు చదివి, తరువాత మొదటి అధ్యాయపు దీపచక్రం దగ్గరికి వెళితే, యాభైవేల దీపాలను ఒత్తివేసి, నూనెపోసి, ఎత్తుకు చేర్చినవారిని గురించి నాటి రచన ఒక్కమాటైనా చెప్పలేదన్న సంగతి స్ఫురిస్తుంది. చెప్పని ఆ మాటను ఈనాటి పనివారి విషయంలోనైనా చెప్పడమే ఈ గ్రంథపు ప్రయోజనం.

మన నగరాలలోనూ కూడళ్లకు బొమ్మలు కావలసివస్తున్నవి. ఉద్యానాలకు వెలుగులు కావలసివస్తున్నవి. ఏటికొప్పాక లక్కపనివారు, నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబాలు, కొండపల్లి బొమ్మలవారు మన నడుమనే ఉన్నారు. ఏ బొమ్మ నిలపాలన్న చర్చకు ముందు, దాన్ని ఎవరి చేతులు చేస్తాయి, చేశాక ఎవరి చేతులు దానితో ఆడుకుంటాయి అన్న రెండు ప్రశ్నలను మన పాలకులూ శిల్పులూ వేసుకునేటట్టు చేయగలిగితే ఈ కృతి సఫలమైనట్టే. ఆ శక్తి దీనికి ఉన్నదని నా నమ్మకం. చిరంజీవి గ్రంథకర్త్రికి ఆయురారోగ్యాలూ విద్యాభివృద్ధీ కలగాలని ఆశీర్వదిస్తూ, దీన్ని సహృదయుల చేతిలో ఉంచుతున్నాను.